బన్ను లేని బుధవారం

ఆయన రిపోర్టు ప్రింటు తీసింది నేనే.
మలక్‌పేట ల్యాబుల, మూడో కౌంటర్ల,
ఆ రోజు జాబితాల ముప్పై రెండో పేరు:
ఐలేష్, నలభై నాలుగేండ్లు,
మూడు నెలల సగటు చక్కెర తొమ్మిది పాయింటు ఒకటి.
ముద్ర కొట్టి, కవర్ల మడిచిపెట్టి
"తర్వాత ఎవరు" అన్న, అలవాటు కొద్దీ.
అన్నంక అర్థమైంది.

పద్దెనిమిదేండ్ల సంది కాచిగూడ బట్టీ కాడ
బన్నులు చేస్తడాయన.
అరచేతి గీతల్ల మైదా ఎంత కడిగినా పోదు,
చెయ్యి చూసి చెప్పేటోడు గూడ
తెల్లగున్న గీతనే ఆయుష్షు గీత అనుకోవాలె.
"ఇగ బన్ను బంద్" అన్నది డాక్టరమ్మ.
"తినుడా, చేసుడా?" అన్నడు.
ఆమె నవ్వింది. ఈయన నవ్వలేదు.

మా ఇంట్ల బర్గర్ అంటే హోటల్ ముచ్చట కాదు.
ఆయన కాయితంల చుట్టి తెచ్చిన బన్ను,
నేను తట్టిన ఖీమా బిళ్ల, నడుమ ఉల్లిగడ్డ చక్రం,
నోరు పట్టక లహరి రెండు చేతులతో ఒత్తుకుంట,
ముక్కుకు సాసు.
ఇప్పుడు ఆ కాయితం పొట్లం
కింద వాచ్‌మన్ పిల్లలకిచ్చి ఉత్త చేతులతో మెట్లెక్కుతడు.
మూడు వారాలు పళ్లెంల బీరకాయ.
ఏమీ అనడు. అనకపోవుడే నాకు ఎక్కువ.

ఈ బుధవారం మూసారాంబాగ్ బ్రిడ్జి మీద
బస్సు కదలక నిలబడ్డ ఇరవై నిమిషాల్ల
తట్టింది నాకు: బర్గర్ల బన్ను పనెంత?
పైన ఒక టోపీ, కింద ఒక చెప్పు.
మనిషి నడుమనే ఉన్నడు కద!

గోల్నాక దిగి ఖాజా భాయ్ కాడ అర్ధ కిలో ఖీమా,
"కొవ్వు కొంచెం ఉండనియ్యి భాయ్, వేగాలె" అన్న.
లెట్యూస్ అడిగితే కూరగాయలామె
గోబిగడ్డ చేతుల పెట్టింది, దాని చెల్లెలే తీసుకపో అని.

ఇనుప పెనం పొగ లేచేదాక ఆగిన.
ఖీమా పరిచి, కలపకుండ ఊకున్న,
అడుగు మాడుతదేమో అన్న భయాన్ని గూడ
ఒక పక్కకు వేగనిచ్చిన.
ఉప్పు, మిరియాలు, చిటికెడు గరం మసాల,
అది లేకుంటే మా ఇంటిది కాదు.
కీర చక్రాలు అప్పటికే సిర్కాల నానినయి,
టమాట కోసిన, ఉల్లిగడ్డ పచ్చిగనే.
గట్టి పెరుగుల ఆవపొడి, దంచిన ఎల్లిగడ్డ,
అదే సాసు. కెచప్ సీసా వెనుక
చిన్న అక్షరాల్ల చక్కెర దాక్కొని ఉన్నది, చదివిన.
చదువుడే కద నా కొలువు.
మూడు గిన్నెలు. అడుగున గోబి, మీద వేడి ఖీమా,
ఆ వేడికి చీజు ముక్క తనంతట తానే వంగింది.
ఆఖరికి చెయ్యి ఆగింది. ఏదో తక్కువ.
డబ్బ దింపి నువ్వులు వేయించి చల్లిన,
బన్నుల నెత్తి మీద ఆయన రోజూ చల్లేటివే.

ఎనిమిదిన్నరకు వచ్చిండు.
గిన్నెల తొంగి చూసి లహరి "బన్నేది?" అన్నది.
నేను గంటె పట్టుకొని బిగుసుకపోయిన.
ఆయన చొక్క చెయ్యి పిల్ల ముక్కు కాడ పెట్టి
"గిదేంది మరి? వాసన చూసుకుంట తిను" అన్నడు.

తిన్నం. టీవీల ఎవరో ఏదో గెలుస్తున్నరు.
గిన్నె అడుగు కనబడ్డంక చెంచ ఆపి
ఒక్క నువ్వుగింజను వేలి కొసకు అంటించుకొని
లైటుకు పట్టి చూసిండు, పనికాడ చూసినట్టు.
"కొంచెం ఎక్కువ వేగినయి."

మూడు వారాలకు మొదటి వంక.
రేపు ఏం వండాలె అని అడుగబోయి ఊకున్న.
గిన్నెలు ఆయనే కడిగిండు.